బురద గుహలో చివరి గదికి ముందే వెనక్కి తిరిగాం, మీరైతే ఏం చేసేవారు?

కొండగాలి:
స్నేహితులం ఐదుగురం కలిసి ఒక బురద గుహ చూసి వచ్చాం. చివర్లో ఉండే పెద్ద గది దాకా వెళ్లాలనుకున్నాం కానీ దానికి ముందున్న ఇరుకు సందు దగ్గరే ఆగి వెనక్కి తిరిగాం. తిరగమన్నది నేనే. మావాళ్లలో ఒకడికి ఇప్పటికీ కోపం తగ్గలేదు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా, గుహల్లో తిరిగే అలవాటున్నవాళ్లు చదివి మీకేమనిపిస్తుందో చెప్పండి. గుహ పేరు, చోటు రాయడం లేదు. ఇలాంటివి బయటపెడితే ఏ జాగ్రత్తా లేకుండా జనం దిగిపోతారు.

మాలో ఒకతను ఆ గుహకి ముందు వెళ్లొచ్చినవాడే, అతనే ముందు నడిచాడు. ప్రవేశం దగ్గర ఏ ఇబ్బందీ ఉండదు, నిలబడి నడవొచ్చు, గోడలు పొడిగా ఉంటాయి, గాలి ఆడుతుంటుంది. కొంత దూరం పోయాక నేల మారిపోయింది. మొదట పల్చటి బురద, కాలు జారుతుంది అంతే. తర్వాత చీలమండల దాకా, ఆ తర్వాత పిక్కల దాకా దిగబడే బంకమట్టి. కాలు నేరుగా పైకి లాగితే బూటు అక్కడే ఉండిపోయి కాలు ఒక్కటే వస్తుంది. ముందు నడిచినతను ఒక పద్ధతి చూపించాడు. మొదట మడమని కుడికీ ఎడమకీ తిప్పుతూ కదిలించాలి. బూటు పక్కన సన్నటి చీలిక పడుతుంది, అందులోంచి గాలి కిందికి పోతూ గుటుక్కుమని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు విన్నాకే మడమ ముందు లేచేలా మెల్లగా తీయాలి. చప్పుడు రాకముందే తొందరపడితే ఇంకా లోతుకి దిగబడతాం. ఒక్కో అడుగుకీ ఇంత తతంగం ఉంటే ఎంత నెమ్మదిగా కదిలామో ఊహించుకోండి.

ఆ తర్వాత కప్పు కిందికి దిగిపోయింది. బోర్లా పడుకుని మోచేతుల మీద పాకాలి. నిజానికి పాకడమే నయం, బరువు ఒళ్లంతా పరుచుకుంటుంది కాబట్టి దిగబడం. కానీ మెడ ఎత్తలేం, గడ్డం బురదకి ఆనుకునే ఉంటుంది. సంచులు తాడు కట్టి చీలమండకి తగిలించుకుని లాక్కుంటూ వెళ్లాం. అక్కడే ఒకసారి వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకుంటుంటే నా దీపం వెలుగు కప్పు మీద పడింది. రాతి పగుళ్లలో చిన్న చిన్న పుల్లలు, నానిపోయి నల్లబడ్డ ఆకు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. కప్పు మీద కూడా పల్చటి మట్టి పొర. వేలితో గీస్తే గీత పడింది, ఇంకా తడిగానే ఉంది. అంటే నీళ్లు అక్కడిదాకా, కప్పు ముట్టేదాకా వస్తాయన్నమాట. అదీ ఎప్పుడో కాదు, మొన్నమొన్నే.

అక్కడి నుంచి బురద ఏటవాలు మీదుగా జారి ఇరుకు సందు ముందుకి చేరాం. సందు అవతల చిన్న నీటిగుంట, దాని వెనకే పెద్ద గది. అప్పటికే అనుకున్న సమయం దాటిపోయింది. మాలో ఒకతను మాట్లాడటం తగ్గించేశాడు, వణుకుతున్నాడు, హెల్మెట్ బకిల్ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించడం లేదు. అడిగితే బాగానే ఉన్నాను అంటాడు. అది చూసి వెనక్కి వెళ్దాం అన్నాను. రావడానికి పట్టినదానికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది బయటపడటానికి, ఎందుకంటే హాయిగా జారుకుంటూ దిగిన ఏటవాలే ఇప్పుడు సబ్బు రాసిన బండలా ఎదురొచ్చింది. ఒకరి భుజాల మీద ఒకరు కాలు పెట్టి ఎక్కాం.

గది చూడలేదన్న బాధ నాకూ ఉంది. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే మాట చెబుతాను. మీరేమంటారు?

రాళ్లబాట:
కొండగాలి గారూ, నూటికి నూరుపాళ్లు సరైన పని చేశారు. లోపలికి పోవడానికి ఎంతసేపు పట్టిందో బయటికి రావడానికీ అంతే అనుకునే లెక్క పొడి గుహలో చెల్లుతుందేమో గానీ బురదలో చెల్లదు. వచ్చేటప్పటికి ఒంట్లో శక్తి ఉండదు, బట్టలకీ బూట్లకీ కిలోల కొద్దీ మట్టి అంటుకుని ఉంటుంది, పైగా మీరు వెళ్లేటప్పుడు తొక్కిన దారి ఇంకా పిసికినట్టయి అధ్వానంగా తయారవుతుంది. ఐదుగురు వెళ్లిన దారిలో ఐదో మనిషికి ఎప్పుడూ ఎక్కువ కష్టం.

మేం పాటించేది మూడో వంతు లెక్క. నీళ్లు నిండిన గుహల్లో ఈదే డైవర్లు సిలిండర్లలో గాలికి వాడే లెక్కే ఇది, ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, ఒక వంతు అనుకోనిదాని కోసం. మేం దాన్ని ఓపికకీ బ్యాటరీలకీ సమయానికీ కూడా వాడతాం. గుంపులో అందరికంటే నెమ్మదిగా కదిలే మనిషి ఓపికనే కొలతగా పెట్టుకోవాలి, చురుగ్గా ఉన్నవాడిది కాదు.

వేగుచుక్క:
నేను మాత్రం ఒప్పుకోను. అంత కష్టపడి అంత దూరం వెళ్లి, గది కళ్లముందు ఉండగా వెనక్కి రావడమా? వణుకుతున్న స్నేహితుడి దగ్గర ఒకరిని కూర్చోబెట్టి మిగతా ముగ్గురూ చకచకా వెళ్లి చూసి రావొచ్చు కదా. ముందు వెళ్లొచ్చినతను కూడా ఉన్నాడు మీతో. ఆ రోజు వాన సూచన కూడా లేకపోయి ఉంటే ఇక భయం దేనికి? ప్రతిదానికీ టెన్షన్ పడితే గుహలెందుకు, ఇంట్లో కూర్చుంటే సరిపోతుంది. మీ కోపం తగ్గని స్నేహితుడి బాధ నాకు బాగా అర్థమవుతోంది, ఎన్నో వారాలు ఎదురుచూసి ఉంటాడు.

కొండగాలి:
వేగుచుక్క గారూ, వాన సూచన లేని మాట నిజమే. కానీ ఆ ఇద్దరినీ బురదలో కూర్చోబెట్టి వెళ్లడమంటే వాళ్లని ఇంకా చల్లబరచడమే. కదులుతున్నంతసేపే ఒంట్లో వేడి ఉంటుంది. మేం ముగ్గురం తిరిగి వచ్చేసరికి వణికేవాళ్లు ఇద్దరయ్యేవాళ్లు, ఆ ఏటవాలు ఎక్కించాల్సిన భారం మా మీదే పడేది. స్నేహితుడికి గది చూడాలని ఎంత ఉందో నాకు తెలుసు, వాడితో ఆ రోజే మాట్లాడాను. అయినా బాగాలేని మనిషి బాగున్నాను అంటున్నప్పుడు వాడి మాట కాదు, వాడి వేళ్లని చూడాలి.

తెల్లకోటు:
వృత్తిరీత్యా డాక్టర్ని, తీరిక దొరికినప్పుడు గుహలకి వెళ్తుంటాను. మీరు చెప్పిన లక్షణాలు, అంటే వణుకు, మాట తగ్గడం, వేళ్లు తడబడటం, ఇవి శరీరం చల్లబడిపోతోందని చెప్పే మొదటి గుర్తులు. దీని తర్వాత మెట్టు ఇంకా ప్రమాదం, వణుకు ఆగిపోతుంది, మనిషి మత్తుగా అయిపోతాడు, చూసేవాళ్లు కుదుటపడ్డాడని పొరబడతారు. చాలామంది గుహ మరీ చల్లగా లేదు కదా అనుకుంటారు. గుహ లోపలి ఉష్ణోగ్రత దాదాపుగా ఆ ప్రాంతపు ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది, బయట ఎండ మండుతున్నా లోపల మారదు. కానీ గాలి కంటే నీరు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తడి బురదలో పొట్ట ఆనించి పాకుతుంటే మీ ఒంటి వేడి అంతా నేలలోకి పోతున్నట్టే.

అందుకని కాటన్ బట్టలు వద్దు. తడిస్తే అవి ఆరవు, ఒంటికి అంటుకుని చలిని పెంచుతాయి. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకుని పైన ఓవరాల్ వేసుకోండి. వెండిరంగు ఎమర్జెన్సీ దుప్పటి ఒకటి మడిచి హెల్మెట్ లోపల పెట్టుకుంటే బరువే తెలియదు.

ఇంకో మాట. బురదా నీళ్లూ ఉన్నచోట లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చే వీలుంది, దాని క్రిమి ఎలుకలూ ఇతర జంతువుల మూత్రం కలిసిన నీటి నుంచి, చర్మం మీది గాయాల గుండా, కళ్ల గుండా, నోటి గుండా లోపలికి వెళ్తుంది. గీసుకుపోయిన చోట్లు ముందే ప్లాస్టర్ వేసి కప్పండి. వెళ్లొచ్చాక నెలలోపు జ్వరం, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కి గుహకి వెళ్లిన సంగతి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకునే వీలుంది, మొదట్లోనే పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోయే జబ్బు అది.

సున్నపురాయి:
కప్పు మీద పుల్లలు చూశాను అన్నారు చూడండి, అక్కడే నా దృష్టి ఆగిపోయింది. నేను భూగర్భశాస్త్రం చదివినదాన్ని, కాబట్టి ఈ బురద సంగతి కొంచెం విడమరిచి చెబుతాను.

వాననీరు నేలలోంచి దిగేటప్పుడు మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది, ఆ నీరు సున్నపురాయిని కరిగిస్తూ పోవడం వల్లే ఇలాంటి గుహలు ఏర్పడతాయి. రాయి కరిగిపోతుంది గానీ రాతిలో ఉన్న బంకమన్ను కరగదు, అది అడుగున మిగిలిపోతుంది. దానికి తోడు పైనుంచి వాగులు మోసుకొచ్చే ఒండ్రు. ఇప్పుడు అసలు విషయం వినండి. నీరు వేగంగా పారేచోట సన్నటి మట్టి నిలవదు, కొట్టుకుపోతుంది, శుభ్రమైన రాయీ గులకరాళ్లూ ఇసుకా మిగులుతాయి. మెత్తటి జిగురుమట్టి మందంగా పేరుకుందంటే అక్కడ నీరు పారలేదు, వచ్చి నిలబడిపోయింది. దాదాపుగా చెరువు కట్టి, మట్టి మెల్లగా కిందికి దిగేదాకా కదలకుండా ఉంది. కొండగాలి గారు పిక్కల దాకా దిగబడిన చోటు, కప్పుకి మట్టి పట్టిన చోటు, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వరదొస్తే అక్కడ గాలి మిగలదు.

వేగుచుక్క గారూ, వాన సూచన లేదు కదా అన్నారు. గుహలోకి వచ్చే నీరు గుహ పైన పడిన వానే కానక్కర్లేదు, ఎగువన ఎక్కడో కురిసినది గంటల తర్వాత చేరొచ్చు. ఇంగ్లండ్‌లోని మాస్‌డేల్ గుహలో 1967 జూన్ 24న హఠాత్తుగా వచ్చిన వరదలో ఆరుగురు కుర్రాళ్లు చనిపోయారు. థాయ్‌లాండ్‌లో థామ్ లువాంగ్ గుహ సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది, 2018 జూన్ 23న పన్నెండు మంది పిల్లలూ వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ లోపలికి వెళ్లారు, వాననీరు దారి మూసేసింది, జులై 2న డైవర్లు వాళ్లని కనిపెట్టారు, జులై 10కి గానీ అందరూ బయటికి రాలేదు. వాళ్ల కోసం గాలి సిలిండర్లు మోసిన థాయ్ నేవీ మాజీ డైవర్ సమన్ కునన్ జులై 6న ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎంతో అనుభవం ఉన్నవాళ్లకి కూడా తప్పలేదు. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న అబ్‌ఖాజియాలో వెర్యోవ్‌కినా అనే గుహ ఉంది, 2,200 మీటర్లకి పైగా లోతు. 2018లోనే అక్కడ అడుగున ఉన్న బృందం వెనకే నీరు పైకి వస్తుంటే సామాన్లు వదిలేసి తాళ్లెక్కి బయటపడింది.

చినుకు:
ఇవన్నీ చదువుతుంటే గుండె దడదడలాడుతోంది. మా ఇంట్లో అయితే అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అయినా వెళ్లాలని నాకు చాలా ఉంది. ఇరుకు చోట్లంటే కొంచెం భయం, లిఫ్ట్‌లో ఇబ్బంది లేదు గానీ పాకే చోట ఇరుక్కుపోతే అన్న ఊహే భరించలేను. నాలాంటివాళ్లు అసలు ప్రయత్నించొచ్చా?

రాళ్లబాట:
చినుకు గారూ, తప్పకుండా ప్రయత్నించొచ్చు, కానీ బురద గుహతో మొదలుపెట్టకండి. ముందు పొడిగా, వెడల్పుగా ఉన్న గుహకి తెలిసినవాళ్లతో వెళ్లండి. లోపల ఒకచోట అందరూ కూర్చుని దీపాలు ఆర్పి కొన్ని నిమిషాలు ఊరికే ఉండండి, ఆ చీకటితో పరిచయం అవ్వాలి. ఇరుకులో భయం వేసినప్పుడు ఊపిరి బిగబట్టడం మామూలే, కానీ అప్పుడు ఛాతీ ఉబ్బి ఇంకా ఇరుకవుతుంది. ఊపిరి వదిలితే ఛాతీ తగ్గి చోటు దొరుకుతుంది. ఆగి, మెల్లగా ఊపిరి వదిలి, అప్పుడు కదలాలి. ముందొకరు వెనకొకరు మాట్లాడుతూ ఉంటే సగం భయం పోతుంది. ఇక ముఖ్యమైనది, వద్దు అని ఎవరన్నా కారణం అడక్కుండా గుంపు మొత్తం ఆగాలి. ఇది బయటే, దిగకముందే అందరూ ఒప్పుకుని ఉండాలి. ఆ ఒప్పుకోలు లేని స్నేహితులతో మీరు వెళ్లకండి.

వేగుచుక్క:
వరద సంగతి అర్థమైంది, సున్నపురాయి గారు చెప్పిన మట్టి లెక్క నాకు కొత్త, థాంక్స్. కానీ నా ప్రశ్న అది ఒక్కటే కాదు. సందు దాటడం గురించి మాట్లాడదాం. ముందు వెళ్లొచ్చిన మనిషి దాటిన సందే కదా, మిగతావాళ్లు ఎందుకు దాటలేరు?

పాతబూట్లు:
ఒక మనిషి పట్టిన సందులో ఇంకో మనిషి పట్టాలని లేదు బ్రో, అదే మనిషి ఇంకో రోజు పట్టాలనీ లేదు. పైగా బురద సందులో నేల మట్టం మారుతూ ఉంటుంది, ఒక వరదకి మట్టి పేరుకుని నాలుగు వేళ్లు ఎత్తు పెరిగితే చాలు, నిన్న దాటింది ఇవాళ దాటలేం.

ఏటవాలుగా కిందికి దిగే సందులో తల ముందు పెట్టి మాత్రం ఎప్పుడూ దూరొద్దు. జారుడు మట్టిలో వెళ్లేటప్పుడు మన బరువే మనల్ని లోపలికి నెట్టేస్తుంది, వెనక్కి రావాలంటే పట్టు దొరకదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో నట్టీ పట్టీ అనే గుహ ఉండేది, ఆ పేరు అక్కడి మెత్తటి జిగురుమట్టిని చూసి పెట్టిందే. 2009 నవంబర్‌లో ఒక యువకుడు అక్కడ దారి తప్పి తలకిందులుగా ఇరుకులోకి దిగిపోయాడు, రక్షణ బృందాలు ఒక రోజుకి పైగా ప్రయత్నించినా బయటికి తీయలేకపోయాయి, ఆయన అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత గుహని శాశ్వతంగా మూసేశారు. కాళ్లు ముందు పెట్టి దిగితే ముందేముందో కనిపించదు, నిజమే, కానీ వెనక్కి రావడానికి చేతులు పైన ఉంటాయి.

తాడుముడి:
భుజాల మీద కాలు పెట్టి ఎక్కాం అన్న చోట నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కింద ఉన్నవాడి మెడ మీదికి జారితే? అలాంటి ఏటవాలు దిగేముందే పైన గట్టి రాతికి ఒక తాడు కట్టి వదలాలి, మధ్యమధ్యలో ముడులు వేస్తే చేతికి పట్టు ఉంటుంది. ఉత్త తాడు బురద పట్టాక చేతిలో నిలవదు.

నిట్టనిలువు గోతులున్న బురద గుహ అయితే ఇంకా జాగ్రత్త. తాడు మీద ఎక్కడానికి వాడే క్లాంపుల పళ్ల మధ్య మట్టి ఇరుక్కుంటే అవి పట్టు వదిలేస్తాయి, ఎక్కుతున్నామనుకుంటూ కిందికి జారుతుంటాం. మేమందరం మెడకి ఒక పాత టూత్‌బ్రష్ దారంతో కట్టుకుంటాం. ప్రతిసారీ తాడెక్కేముందు పళ్లు తోమినట్టు క్లాంపులని తోమాలి, ఇది సరదాకి చెబుతున్నది కాదు. దిగేటప్పుడు కూడా బురద పట్టిన తాడు మనం దిగడానికి వాడే పరికరాన్ని అరగదీస్తుంది, ఇసుక కలిసిన మట్టి అయితే ఇంకా వేగంగా.

కొండగాలి:
తాడు సంగతి బాగా చెప్పారు, ముడుల తాడు ఈసారి మా సామానులో మొదటి వస్తువు. పాతబూట్లు గారూ, బట్టలూ దీపాల గురించి కూడా చెప్పండి. లోపల మాకు అన్నిటికంటే చికాకు పెట్టింది దీపాలే, చేతి తొడుగులతో తుడిస్తే గాజుకి ఇంకా మట్టి పట్టేది.

పాతబూట్లు:
దీపాన్ని చేత్తో తుడవొద్దు. గట్టి మూతున్న చిన్న డబ్బాలో శుభ్రమైన గుడ్డ ఒకటి, పిండే సీసాలో కాస్త మంచినీళ్లు పెట్టుకోండి, ముందు నీటితో కడిగి తర్వాత గుడ్డతో ఒత్తండి. పొడిగా రుద్దితే గాజు మీద గీతలు పడి వెలుగు శాశ్వతంగా మసకబారుతుంది. మనిషికి మూడు దీపాలు తప్పనిసరి, మూడూ విడివిడి బ్యాటరీలతో. అందులో రెండు హెల్మెట్‌కే ఉంటే మంచిది, చేతిలో దీపం పట్టుకుని పాకలేం కదా. బురదలో బ్యాటరీ మార్చడం నరకం, కాబట్టి మార్చాల్సిన అవసరం రాకుండా బయలుదేరేముందే కొత్తవి వేయండి.

కాళ్లకి గంబూట్లు, మోకాలి కిందిదాకా వచ్చేవి. లేసుల బూట్లలో మట్టి దూరి ముడి విప్పలేం. సైజు పెద్దదైతే బురద లాగేసుకుంటుంది, కాబట్టి మందం సాక్సులు వేసుకుని బిగుతుగా ఉండేవి తీసుకోండి. మోకాలి ప్యాడ్లు ఓవరాల్ లోపల వేసుకుంటే జారిపోవు. జేబులున్న ఓవరాల్ వద్దు, ప్రతి జేబూ మట్టి మోసే సంచే అవుతుంది. చేతికి రబ్బరు పూత ఉన్న తొడుగులు, విడిగా ఇంకో జత పొడిగా. సంచి నున్నగా, పట్టీలు బయటికి వేలాడనిది, లేకపోతే ప్రతి రాయికీ చిక్కుకుంటుంది.

చీకటిదీపం:
ఒక లైటర్ కూడా తీసుకెళ్తే మంచిదని విన్నాను. గాలి బాగాలేకపోతే ఆరిపోతుంది కదా, అది చూసి వెనక్కి రావొచ్చు.

సున్నపురాయి:
లైటర్ మీద ఆధారపడకండి. మంట ఆరేది ప్రధానంగా ఆక్సిజన్ తగ్గినప్పుడు, మామూలుగా 21 శాతం ఉండేది 16, 17 దాకా పడిపోయినప్పుడు. గుహలో ముందుగా హాని చేసేది చాలాసార్లు కార్బన్ డయాక్సైడ్, బయటి గాలిలో అది 0.04 శాతం మాత్రమే, 3 శాతం దాటితే కూర్చున్నచోటే ఆయాసం, తలనొప్పి మొదలవుతాయి, 10 శాతం దగ్గర స్పృహ తప్పుతుంది. మంట బాగానే వెలుగుతుండగా మనిషి పడిపోవచ్చు. బురద గుహల్లో ఇది ఎందుకు ఎక్కువంటే, వరదతో కొట్టుకొచ్చిన ఆకులూ పుల్లలూ ఆ మట్టిలో కుళ్లుతూ ఆ వాయువునే వదులుతాయి, గాలి ఆడని పల్లపు చోట్లలో పేరుకుంటుంది. చేసిన పనికి మించి ఆయాసం వస్తోందంటే, అదీ ఒకరికి కాదు ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తోందంటే, చర్చ పెట్టుకోకుండా వచ్చిన దారిలో వెంటనే పైకి వచ్చేయండి. వాయువు కొలిచే చిన్న మీటర్ ఉంటే అంతకంటే మంచిది లేదు.

రాళ్లబాట:
వేగుచుక్క గారు మొదట అన్న మాటకి వస్తాను, గుంపుని విడగొట్టడం గురించి. గుహకి కనీసం నలుగురు అని ఎందుకంటారంటే, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు కలిసి సాయం కోసం బయటికి వెళ్లాలి. ఒంటరిగా ఎవరూ కదలకూడదు. ఐదుగురిలో ముగ్గురు సందు దాటి వెళ్లి అక్కడ ఒకరి చీలమండ మెలిపడితే లెక్క మొత్తం తప్పుతుంది, ఒక గాయం సందుకి అవతల, ఒక చలి సందుకి ఇవతల.

గాయపడ్డ మనిషిని గుహలోంచి తేవడం ఎంత పెద్ద పనో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2021 నవంబర్‌లో వేల్స్‌లోని ఓగోవ్ ఫనన్ థీ గుహలో అనుభవమున్న ఒక వ్యక్తి పడిపోయి గాయపడితే, వందల మంది వాలంటీర్లు వంతులవారీగా మోసి బయటికి తెచ్చేసరికి 54 గంటలు పట్టింది. బురదలో స్ట్రెచర్ పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి.

అందుకే బయట ఒక మనిషికి ఫలానా గంటకి బయటికి వస్తాం, రాకపోతే ఫలానావాళ్లకి ఫోన్ చెయ్యి అని రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లాలి. ఆ గంట దాటాక ఇంకాసేపు చూద్దాం అనుకునే మనిషికి ఆ పని అప్పగించొద్దు.

మట్టిరంగు:
భయాల గురించే మాట్లాడుతున్నాం, బురద మీద నాకున్న ప్రేమ గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. ఫ్రాన్స్‌లో త్యుక్ దొదూబేర్ అనే గుహ ఉంది. 1912లో ముగ్గురు అన్నదమ్ములు లోపలికి వెళ్లి వెతుకుతుంటే చాలా లోపల, ఒక రాతికి ఆనించి మట్టితో చేసిన రెండు అడవిదున్నలు కనిపించాయి. పదమూడు వేల ఏళ్లకి పైబడిన బొమ్మలు, ఒక్కోటి సుమారు 60 సెంటీమీటర్లు, చేసినవాళ్ల వేళ్లు దిద్దిన తీరు ఇంకా కనిపిస్తుంది. అదే గుహ నేల మీద మడమలతో నడిచిన అడుగుజాడలు, అవి చిన్నవాళ్లవి అంటారు, ఇప్పటికీ ఉన్నాయి. ఆ మట్టిని ఎవరూ తొక్కలేదు కాబట్టే ఉన్నాయి. రాతికంటే మట్టి ఎంత గుర్తుపెట్టుకుంటుందో చూడండి.

అందుకని మీరు వెళ్లే గుహలో తొక్కని బురద కనిపిస్తే దాని మీదికి వెళ్లకండి, ఉన్న ఒక్క బాటలోనే ఒకరి వెనక ఒకరు నడవండి. బురద చేతులతో కప్పు నుంచి వేలాడే తెల్లటి రాతి ఊడలని అసలు ముట్టుకోవద్దు. అవి ఏడాదికి మిల్లీమీటరులో చిన్న భాగం పెరుగుతాయి, మట్టి మరక మీద కొత్త పొర ఏర్పడితే ఆ మరక లోపలే మిగిలిపోతుంది. గోడల మీద బురదతో పేర్లు రాసేవాళ్లని చూస్తే నాకు ఏడుపొస్తుంది.

తెల్లకోటు:
మట్టిరంగు గారికి నా సమర్థన. గబ్బిలాలు గుంపుగా ఉన్నచోట కూడా దీపం పైకి వేయకుండా, మాట్లాడకుండా దాటాలి. ఒక గుహలో మట్టిని ఇంకో గుహకి మోసుకెళ్లడం కూడా హాని. ఉత్తర అమెరికాలో 2006లో మొదట కనిపించిన తెల్లముక్కు జబ్బు లక్షల్లో గబ్బిలాలని చంపింది, దానికి కారణమైన ఫంగస్ మనుషుల బట్టలూ బూట్లకి అంటుకుని కూడా వెళ్లగలదు. అందుకే అక్కడ సామాన్లని 55 డిగ్రీలకి తగ్గని వేడినీటిలో 20 నిమిషాలు ముంచమని చెబుతారు.

వేగుచుక్క:
మూడో వంతు లెక్క, నలుగురి లెక్క రెండూ ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కటి మాత్రం అంటాను. కొండగాలి గారి స్నేహితుడి కోపం గది పోయినందుకు కాకపోవచ్చు. ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది లోపల ఒకరు ప్రకటించేదిగా కాకుండా బయటే అందరూ కూర్చుని గంట చూసి నిర్ణయించుకుని ఉంటే అంత నొప్పి ఉండేది కాదు. ఎవరు చెప్పారన్న ప్రశ్నే రాదు అప్పుడు, గడియారం చెబుతుంది. ముందు వెళ్లొచ్చిన మనిషి కూడా దానికి కట్టుబడాలి.

కొండగాలి:
ఇది మంచి మాట. మాకు సమయం లెక్క ఉంది గానీ దాన్ని తేల్చే మాట ఎవరిదన్నది మాట్లాడుకోలేదు. ఈ చర్చ మొత్తం మా ఐదుగురి గ్రూపులో పెట్టాను. కోపంగా ఉన్నవాడు సున్నపురాయి గారి పోస్ట్ చదివి ఆ కప్పు మీది పుల్లల ఫొటో పంపమన్నాడు, వాడికి వెళ్లేటప్పుడు అవి కనిపించలేదట. మళ్లీ వెళ్లేది వానలు పూర్తిగా తగ్గి, ఎగువ వాగు ఎండాకే. సందు ముందుకి చేరాల్సిన గంట కాగితం మీద రాసుకుంటాం, అది దాటితే గది ఎంత దగ్గర్లో ఉన్నా తిరిగొచ్చేస్తాం. వణికినతను తనే ఈసారి బయట ఉండి ఫోన్ బాధ్యత తీసుకుంటానన్నాడు, కానీ వాడు లోపలికి రావాలనే నా కోరిక, మంచి ఉన్ని బట్టలతో. బయట ఉండటానికి ఇంకొకరిని చూస్తాం.

చినుకు:
చివరగా ఒక చిన్న ప్రశ్న, మీ బూట్లూ బట్టలూ ఎలా కడుగుతారు? మా తమ్ముడు ఇలాంటి చోటుకే వెళ్లొచ్చి మట్టి ఎండిపోయాక రుద్దితే రాయిలా అయిపోయింది.

పాతబూట్లు:
ఎండనివ్వకూడదు, అదే కిటుకు. బయటికి రాగానే, తడిగా ఉండగానే, పెద్ద మందం సంచిలో వేసి మూతి కట్టేయండి. ఇంటికి వచ్చాక బకెట్‌లో నానబెట్టి ఆ నీళ్లు రెండు మూడుసార్లు మార్చండి, తర్వాతే బ్రష్. ఎండిపోయినవైతే రుద్దకుండా ఒక రాత్రంతా నాననివ్వండి, మట్టి దానంతటదే అడుక్కి దిగుతుంది. ఆ నీళ్లు సింక్‌లో పోయొద్దు, పైపులో పేరుకుంటుంది, మొక్కల్లో పోయండి. తాడుని విడిగా సబ్బు లేకుండా మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. వాషింగ్ మెషీన్‌లో మాత్రం నేరుగా వేయకండి.